కవరులోని ఎత్తు

హల్బేరాకు చదరంగం ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఇతరుల ఆట మోసి మోసి నేర్చుకుంది.

ఐస్‌లాండ్ ఉత్తర తీరాన కల్దవిక్ అనే చేపల ఊరు ఉంది. ఆ ఊరి రేవు పక్కన గుట్ట మీద తీరపు రేడియో కేంద్రం ఉండేది. ఇరవై రెండేళ్ల వయసులో హల్బేరా అక్కడ ఉద్యోగంలో చేరింది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి సముద్రం మీదున్న పడవలన్నీ తాము ఎక్కడున్నదీ చెప్పాలి. ఆమె రాసుకోవాలి. ఏ పడవైనా పలకకపోతే పలికేదాకా పిలుస్తూనే ఉండాలి. ఆ తీరంలో ఆమె గొంతు ఎరగని జాలరి లేడు. మొహం ఎరిగినవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆ పడవల్లో ఇద్దరు కెప్టెన్లకు చదరంగం పిచ్చి. కోల్బేన్ పడమటి వైపు వల వేసేవాడు, ఆస్ముందర్ తూర్పున. ఒకరి రేడియో ఒకరికి అందదు. ఇద్దరిదీ హల్బేరాకు అందుతుంది. అందుకని పొద్దుటి లెక్క చెప్పాక కోల్బేన్ తన ఎత్తు చెప్పేవాడు, ఆమె దాన్ని ఆస్ముందర్‌కు చేరవేసేది. సాయంత్రం ఆస్ముందర్ జవాబు ఇటు వచ్చేది. ఒకసారి ఆమె ఒక గడి తప్పు చెప్పింది. దాంతో ఇద్దరి బల్లల మీదా రెండు వేరువేరు ఆటలు నాలుగు రోజులు నడిచాయి. గుట్టు బయటపడ్డాక ఇద్దరూ కలిసి ఆమెను తిట్టిపోశారు. ఆ తిట్లు తిన్నాక ఆమె ఒక అట్టముక్క మీద గళ్లు గీసింది. అమ్మ కుట్టుపెట్టెలోంచి గుండీలు తెచ్చి, వాటి మీద సిరాతో రాజు, మంత్రి, ఏనుగు అని రాసుకుని, వచ్చిన ప్రతి ఎత్తునూ ముందు ఆ అట్ట మీద ఆడి, ఆ తర్వాతే అవతలికి చెప్పడం మొదలుపెట్టింది.

ఒక శీతాకాలమంతా అలా గుండీలు జరిపేసరికి ఆమెకు ఆట అర్థమైంది. రెండో శీతాకాలం వచ్చేసరికి, ఆస్ముందర్ ఎత్తు చెప్పకముందే అదేమిటో ఆమెకు తెలిసిపోయేది. కోల్బేన్ ఎక్కడ తప్పు చేస్తున్నాడో కూడా తెలిసేది. కానీ మోసేవాళ్లు మూట విప్పకూడదు కదా, నోరు మూసుకుని మోసేది.

ఆ ఫిబ్రవరిలో కోల్బేన్‌కు పంటినొప్పి వచ్చింది. దవడ వాచి గుమ్మడికాయలా అయింది. రేడియోలో మాట సగమే వినపడుతోంది.

"హల్బేరా తల్లీ, నావల్ల కాదు. ఆటలో ఎలాగూ ఓడిపోతున్నా. ఏదో ఒకటి నువ్వే పంపించు. మర్యాదగా ఓడించు, అంతే."

ఆమె పంపించింది. మొదటి ఎత్తు భయపడుతూ పంపించింది. రెండోది పంపేటప్పుడు భయం లేదు. పదకొండు రోజుల్లో, పదకొండు ఎత్తుల్లో, మునిగిపోతున్న ఆటను ఒడ్డుకు లాగింది. పన్నెండో రోజున ఆస్ముందర్ గొంతు రేడియోలో వినపడింది. వింటున్న పడవలు తక్కువలో తక్కువ ఇరవై ఉంటాయి.

"ఓడిపోయానని కోల్బేన్‌కి చెప్పు. ఇంకో మాట కూడా చెప్పు. ఆ పన్ను పీకించుకోవద్దను, వాడి బుర్రంతా అందులోనే ఉంది."

పడవల మీదివాళ్లంతా నవ్వారు. హల్బేరా మాత్రం నవ్వలేదు, చెవులదాకా ఎర్రబడింది. వసంతంలో వలలు బాగుచేసుకోవడానికి పడవలు రేవుకు వచ్చినప్పుడు, ఆరడుగుల మనిషి ఒకడు గుట్టెక్కి రేడియో కేంద్రం తలుపు తోశాడు. చంకలో మడత బల్ల, చేతిలో పావుల పెట్టె. లోపల టేబుల్ మీద గుండీల వంక చూశాడు, ఆమె వంక చూశాడు.

"అయితే పంటినొప్పివి నువ్వేనన్నమాట" అన్నాడు ఆస్ముందర్.

ఆ సాయంత్రం మూడాటలు ఆడారు. మూడూ ఆయనే గెలిచాడు. వెళ్తూ వెళ్తూ బల్లా పావులూ అక్కడే వదిలేసి వెళ్లాడు. "నాకు ఇంట్లో ఇంకోటి ఉందిలే" అన్నాడు. ఆయన ఇల్లు కనుమకు అవతల, ఆకురేరి పట్నంలో. పద్దెనిమిదేళ్ల పాటు ఆయన ఆమెను పంటినొప్పి అనే పిలిచాడు. ఆమె ఆయన్ని కెప్టెన్ అనే పిలిచింది.

ఆ పద్దెనిమిదేళ్లలో హల్బేరా పెళ్లి చేసుకుంది. ఆరేళ్లకు విడిపోయింది, గొడవేం లేకుండానే. ఆ తర్వాత తండ్రి థోర్లాకర్‌ను తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయన యాభై ఏళ్లు వలలు అల్లిన మనిషి, చదరంగమంటే గిట్టదు. "మనిషికి పేకముక్కలు చాలు. అందులో ఓడిపోతే ముక్కలు బాలేవని చెప్పుకోవచ్చు. చదరంగంలో ఆ సౌకర్యం లేదు" అనేవాడు. ఆమె ఊరి సంఘంలో ఆడింది, గెలిచింది, జిల్లాలో ఆడింది, గెలిచింది. రష్యన్ రాకపోయినా రష్యన్ చదరంగం పత్రికలు తెప్పించుకుని, అందులో ఎత్తుల గుర్తులు మాత్రం చదువుకునేది. మాట నెమ్మది, ఆటా నెమ్మదే. ఎదుటివాడు ఏదో చేసేస్తాడని కంగారుపడేది కాదు. వాడు తొందరపడేదాకా కూర్చునేది.

అలా కూర్చుని కూర్చుని, 1984 మార్చిలో, ఉత్తర ప్రాంత ఛాంపియన్‌షిప్ చివరి రౌండులో ఆస్ముందర్ ఎదురుగా కూర్చుంది. ఆ ఏడాది పోటీలు కల్దవిక్‌లోనే జరిగాయి. ఎనిమిది మంది ఆటగాళ్లు, ఏడు రౌండ్లు. ఆరు రౌండ్లయ్యేసరికి ఇద్దరివీ సమానమైన పాయింట్లు. ఆస్ముందర్ అప్పటికి నాలుగుసార్లు గెలిచినవాడు. ఒక ఆడమనిషి ఈ పోటీ గెలవడం అంతకుముందు జరగలేదు. దాని గురించి ఊళ్లో అందరూ మాట్లాడుకున్నారు, ఆమె ఎదుట మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఊరి సమావేశ మందిరంలో ఆట మొదలైంది. ఆయనవి తెల్ల పావులు, ఆమెవి నల్లవి. పోటీకి న్యాయనిర్ణేత ఫిన్‌బోగి. బ్యాంకులో గుమస్తా, నియమాలంటే ప్రాణం, అరికాలు నేలకు తగలకుండా నడిచే మనిషి. వంటింటి కిటికీలోంచి కాఫీ, చక్కెర చల్లిన పలచటి అట్లు వస్తున్నాయి. మొదటి మూడు గంటలు ఏమీ జరగలేదని చూసేవాళ్లు అనుకున్నారు. నాలుగో గంటలో ఆస్ముందర్ ఒక బంటును కాపాడుకోలేకపోయాడు. హల్బేరా దాన్ని తీసుకుని, పెట్టెలో పడేసిన చప్పుడు కూడా వినపడకుండా పక్కన పెట్టింది. పెద్ద పావులు ఒక్కొక్కటీ బల్ల దిగిపోయాయి. చివరికి ఆమెకు ఏనుగు, గుర్రం, మూడు బంట్లు మిగిలాయి. ఆయనకు ఏనుగు, తెల్లగళ్ల మీద ఐమూలగా పరుగెత్తే శకటు, రెండు బంట్లు. ఆ రెండింట్లో ఒకటి బల్ల అంచున, ఒకటి నడిమధ్యన.

ఆరు గంటలైంది. ఐదు గంటల ఆట నిండింది. ఫిన్‌బోగి వచ్చి నిలబడ్డాడు.

"మిగతాది రేపు పొద్దున పదింటికి. హల్బేరా, ఎత్తు నీది. రాసివ్వు."

ఆట వాయిదా పడితే, ఎత్తు ఎవరిదో వాళ్లు దాన్ని బల్ల మీద ఆడరు. కాగితం మీద రాసి కవరులో పెట్టి అంటిస్తారు. అంటించిన చోట ఇద్దరూ సంతకం చేస్తారు. రాసింది ఇక మార్చడానికి లేదు, బయటికి చెప్పడానికీ లేదు. అవతలివాడు అదేమిటో తెలియకుండా రాత్రంతా తలబద్దలు కొట్టుకోవాలి.

హల్బేరా గడియారంలో పన్నెండు నిమిషాలు మిగిలాయి. మూడు నిమిషాలే వాడింది. ఏనుగుతో రాజుకు చెక్. కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తున్న ఎత్తు. రాసింది, అంటించింది, సంతకం పెట్టింది. ఫిన్‌బోగి కవరును కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఆ జేబును పైనుంచి రెండుసార్లు తట్టుకున్నాడు.

ఆస్ముందర్ కుర్చీలోంచి లేస్తూ, "ఇవాళ నా బంటును భలే కొట్టేశావే పంటినొప్పీ" అన్నాడు.

"మీరు వదిలేశారు, నేను ఏరుకున్నా" అంది ఆమె.

బయటికి వస్తే గాలి మారింది. ఉత్తరం నుంచి మంచు అడ్డంగా కొడుతోంది. మిగతా ఆటగాళ్లు తమ ఆటలు ముందే ముగించుకుని మధ్యాహ్నమే బయల్దేరి పోయారు. ఆస్ముందర్ కారు తీద్దామంటే కనుమ దారి మూసేశారు. ఊళ్లో ఉన్న ఒక్క వసతి గృహం, తుఫానుకు రేవులో తలదాచుకున్న పడవల మనుషులతో కిక్కిరిసి ఉంది. థోర్లాకర్ ముసలాయన గుమ్మంలో నిలబడి, "ఏమయ్యా కెప్టెనూ, మా ఇంట్లో గది ఖాళీగా ఉంది. పేకాడ్డం వస్తే రా, రాకపోతే మంచులో పడుకో" అని పిలిచాడు.

అలా ఇద్దరు పోటీదారులూ ఒకే కప్పు కిందికి చేరారు. సాయంత్రం చేపల పులుసూ రై ధాన్యపు రొట్టే తింటూ షరతులు పెట్టుకున్నారు. ఆట గురించి ఒక్క మాట కూడా ఎత్తకూడదు. ఆస్ముందర్ చిన్న జేబు బల్ల ఆయన గదిలోనే ఉండాలి. హల్బేరా తన లెక్కలేవో రేడియో కేంద్రంలో చూసుకోవాలి.

"మరి నేను?" అన్నాడు థోర్లాకర్.

"నువ్వు ఎవరికీ సలహా ఇవ్వకూడదు నాన్నా."

"శకటుకీ గుర్రానికీ తేడా తెలియనివాణ్ణి, నేనేం సలహా ఇస్తానే?"

సోమవారం పొద్దునకు తుఫాను ఊరిని మింగేసింది. ఎదురింటి కిటికీ కూడా కనిపించడం లేదు. ఆట జరిగే ప్రశ్నే లేదు. పైగా సముద్రం మీద ఇంకా ఏడు పడవలున్నాయి. రేడియోలో ఆమె తర్వాత డ్యూటీకి రావాల్సిన మనిషి కొండకవతల చిక్కుకుపోయాడు. ఇంటి నుంచి రేడియో కేంద్రం దాకా రెండొందల అడుగులు కూడా ఉండవు. గోడ కొక్కేనికి తాడు కట్టి, ఆ తాడు పట్టుకుని హల్బేరా అటూ ఇటూ తిరిగింది. ఒక్కో పడవే పలికింది. ఒకటి పక్క రేవులోకి దూరింది, రెండు దీవి చాటున లంగరు వేసుకున్నాయి. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఏడింటి జాడా తెలిసింది. గంటకోసారి పిలిచి పలకరిస్తే చాలు.

అప్పుడు ఆమె బల్ల తెరిచింది. ఆయన ఏనాడో వదిలేసి వెళ్లిన బల్లే. నిన్నటి ఆటను పేర్చింది. గెలిచేసిన ఆటలో ఎంత తొందరగా గెలుస్తామో చూసుకునే సరదా అది. ఏనుగుతో చెక్ ఇచ్చింది. తెల్లరాజు వెనక్కి పోతుంది. మరి వెనక్కి పోకపోతే?

రాజును ముందుకు జరిపి చూసింది.

కాఫీ కప్పు నోటిదాకా వెళ్లి ఆగింది. ముందుకొచ్చిన రాజు ఆమె గుర్రం మీద పడుతోంది. గుర్రాన్ని కాపాడుకోవాలంటే ఏనుగుకు ఏనుగు ఇచ్చుకోవాలి. ఏనుగులు రెండూ పోతే, ఆయన అంచు బంటును ఆపడానికి ఆమె వైపు ఎవరూ లేరు. అది తిన్నగా నడుచుకుంటూ పోయి మంత్రి అవుతుంది. మళ్లీ పేర్చింది, మళ్లీ చూసింది. మళ్లీ అంతే. చెక్ ఇవ్వకుండా తన రాజును ఒక్క గడి పక్కకు జరిపి ఉంటే చాలు, ఏ గొడవా లేకుండా గెలిచేది. తొమ్మిది నిమిషాలు చేతిలో ఉండగా, మూడు నిమిషాల్లో రాసిచ్చింది.

గంట కాగానే పడవలను పిలిచింది. గొంతులో ఏ తేడా లేదు. పిలిచాక, ఓడిపోయే ఆటలో బతికే దారి ఏదైనా ఉందేమోనని వెతకడం మొదలుపెట్టింది. సాయంత్రానికి ఒకటి దొరికింది, వెంట్రుకంత సన్నటి దారి. ఆయన శకటు నడిచేది తెల్లగళ్ల మీద. ఆయన అంచు బంటు మంత్రి కావాల్సిన మూల గడి నల్లది. నల్లరాజు వెళ్లి ఆ మూలలో కూర్చుంటే, తెల్లగళ్ల శకటు దాన్ని ఏ జన్మకీ అక్కణ్ణుంచి లేపలేదు. ఆట సమానంగా ముగుస్తుంది. కానీ అలా జరగాలంటే ఆయన నడిమి బంటు బల్ల మీద ఉండకూడదు. గుర్రాన్ని బలిచ్చి అయినా దాన్ని తీసెయ్యాలి. ఆపైన రాజు ఒక్క అడుగు కూడా వృథా చెయ్యకుండా మూలకు చేరాలి.

మంగళవారం పొద్దున గాలి తగ్గింది. మంచు మాత్రం తలుపు సగందాకా పేరుకుంది. ఆట బుధవారం పదింటికని ఫిన్‌బోగి ఫోన్ చేసి చెప్పాడు. ఆస్ముందర్ ఎవరూ చెప్పకుండానే పార తీసుకుని దారి చేశాడు. లోపలికొచ్చి చేతులు కాచుకుని, ఎండుచేప ముక్కకు వెన్న రాసుకుంటూ కూర్చున్నాడు. రెండు రోజుల్లో కళ్ల కింద నల్లగా అయింది. వెన్న రాసిన ముక్క తినకుండా పళ్లెంలో పెట్టేశాడు.

"షరతు తప్పుతున్నా, ఏమీ అనుకోకు" అన్నాడు. "ఫిన్‌బోగికి ఫోన్ చేసి ఓడిపోయానని చెప్పేస్తా."

హల్బేరా కాఫీ వంచుతోంది. వంచడం ఆపలేదు. "ఎందుకని?"

"ఎందుకేంటి? రెండు రోజులు చూశా. చెక్ ఇచ్చి ఉంటే నాకు బతుకుంది. కానీ నువ్వు రాజును పక్కకి జరిపి ఉంటావు. ఇంకెవరైనా అయితే చెక్ ఇచ్చేవాళ్లు. నువ్వు ఇవ్వవు. పద్దెనిమిదేళ్లుగా నీ ఆట చూస్తున్నా, ఆ మాత్రం తెలీదా? రేపు అందరినీ మంచులో నడిపించి, పది నిమిషాల్లో చెయ్యి కలపడం ఎందుకు?"

"భలే" అన్నాడు థోర్లాకర్. "అయితే మా అమ్మాయి గెలిచినట్టేనా?"

ఆస్ముందర్ ఫోన్ ఎక్కడుందా అని చుట్టూ చూశాడు.

తాను ఏమీ చెయ్యనక్కర్లేదని హల్బేరాకు తెలుసు. అవతలివాడు ఓటమి ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టే. తప్పేం లేదు, నియమాల పుస్తకంలో అలాగే ఉంది. ఫిన్‌బోగి కవరును తెరవకుండానే ఆమె చేతికి తిరిగిస్తాడు. పొయ్యిలో పడేస్తే సరి. ఉత్తర ప్రాంత ఛాంపియన్. కాఫీకుండ దించి, మసిగుడ్డ మడత పెట్టింది. విప్పి మళ్లీ మడత పెట్టింది. ఆయన ఆమె చెయ్యని ఎత్తును చూసి, ఆమెను మెచ్చుకుంటూ ఓడిపోతున్నాడు. అది మింగుడుపడలేదు. చెక్ రాశానని చెబుదామంటే, కవరులో ఉన్నది బయటపెట్టడం నియమానికి విరుద్ధం.

"నేనేం రాశానో మీకు తెలీదు కెప్టెన్" అంది.

"నాకు తెలుసంటున్నా కదా."

"తెలిస్తే రేపు వచ్చి విని వెళ్లండి. చూడని ఎత్తుకు ఎవరైనా ఓడిపోతారా? సముద్రం మీద ఇలాగే చేస్తారా మీరు, ఈదురుగాలి వస్తుందని రేవులోనే పడవ ముంచేసుకుంటారా?"

ఆస్ముందర్ ఆమె మొహంలోకి చూశాడు. రేడియో మనిషి మొహం అది. అందులో చదవడానికి ఏమీ దొరకలేదు.

"మొండిఘటం" అన్నాడు. "అందరి ముందూ ఓడించాలని ఉందా?"

"చేప తినండి, మెత్తబడిపోతుంది."

ఆ రోజంతా ఆయన ముసలాయనతో పేకాడాడు. థోర్లాకర్ పదకొండాటలు గెలిచి, ఆయన ముక్కలు బాలేవని ఓదార్చాడు.

బుధవారం పొద్దున పదింటికి ఎండ కాసింది. మందిరానికి దారి రెండు మంచుగోడల మధ్య సందులా ఉంది. ఊళ్లో పని లేనివాళ్లందరూ వచ్చారు, పని ఉన్నవాళ్లు కూడా కొందరు వచ్చారు. ఫిన్‌బోగి పావులను ఆదివారం నాటి చోట పేర్చి, కవరు మీది సంతకాలు ఇద్దరికీ చూపించి, కాగితాలు కోసే కత్తితో నెమ్మదిగా తెరిచాడు. కాగితం చదివాడు. నల్ల ఏనుగును తీసుకుని చెక్ ఇచ్చాడు. గడియారం నొక్కాడు.

ఆస్ముందర్ బల్ల వంక చూడలేదు, హల్బేరా వంక చూశాడు. చాలాసేపు చూశాడు. ఆమె బల్ల మీదినుంచి కళ్లు ఎత్తలేదు. అప్పుడు ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, మోచేతులు బల్ల మీద పెట్టి, నలభై నిమిషాలు ఆలోచించాడు. తనకున్న గెలుపు దారిని రెండు రోజుల క్రితమే చూసి, పనికిరాదని పక్కన పెట్టేసిన మనిషి. ఇప్పుడు దాన్ని మొదటినుంచీ మళ్లీ నమ్ముకోవాలి.

రాజును ముందుకు నడిపాడు.

ఏనుగులు రెండూ పోయాయి. అంచు బంటు కదిలింది. జనంలో గుసగుస బయల్దేరితే ఫిన్‌బోగి వేలు చూపించాడు. హల్బేరా తను అనుకున్నట్టే గుర్రాన్ని ఆ నడిమి బంటు మీదికి నడిపింది. సోమవారం సాయంత్రం వేసిన లెక్క ప్రకారం ఆస్ముందర్ ఇప్పుడు ఆమె బంట్లను తినడానికి శకటును పంపాలి. ఆయన పంపలేదు. శకటును వెనక్కి లాగి నడిమి బంటుకు కాపలా పెట్టాడు. తొందరపాటు లేదు, ఆశ లేదు. ఆమె ఆడినట్టే ఆయన ఆడాడు.

ఆ ఎత్తు ఆమె చూసింది కాదు. ఇరవై అయిదు నిమిషాలు కూర్చుంది. కిటికీలో ఎండ బల్ల మీదికి జరిగింది, ఎవరో లేచి తెర లాగారు. ఇప్పుడు బంటును కొడితే గుర్రాన్ని శకటే తింటుంది, ఆయన రాజు ముందే మూలకు బయల్దేరుతుంది; శకటు కదలాలి. శకటు ఎందుకు కదులుతుంది? దానికేదైనా పని చెప్పాలి. బల్ల అవతలి పక్కన, ఎవరికీ పట్టని తన నల్లబంటు ఒకటి ఉంది. దాన్ని ఒక గడి ముందుకు తోసింది. ఆస్ముందర్ తన అంచు బంటును నడిపాడు. ఆమె మళ్లీ తోసింది. ఇంకో రెండు గళ్లు పోతే అదే మంత్రి అయ్యేలా ఉంది. శకటు వెళ్లి దాన్ని కొట్టక తప్పలేదు. అది అటు వెళ్లిన మరుక్షణం హల్బేరా గుర్రంతో నడిమి బంటును కొట్టేసింది. తెల్లరాజు గుర్రాన్ని కొట్టింది.

అప్పటికి ఆమెకు మిగిలింది రాజు, రెండు కుంటి బంట్లు. రాజు మూలకు బయల్దేరింది. నాలుగు అడుగులు. ఆయన రాజు అడ్డం రావడానికి అయిదు. ఇద్దరూ లెక్కపెట్టుకున్నారు. లెక్క ఒక్కటే వచ్చింది, అయినా నడిచారు. మధ్యలో ఆయన ఆ రెండు కుంటి బంట్లనూ కొట్టేశాడు. ఆమె రాజు మూల గడిలో కూర్చుంది.

ఆస్ముందర్ ఇంకో ఆరు ఎత్తులు ఆడాడు. శకటును అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఏ గడి మీదినుంచి చూసినా ఆ మూల దానికి అందదు. చివరికి చేతులు రెండూ తొడల మీద పెట్టుకుని, మెల్లగా నవ్వాడు.

"డ్రా?"

"డ్రా" అంది ఆమె.

చెయ్యి కలిపారు. చప్పట్లు కొట్టాలో వద్దో జనానికి తెలియలేదు. ఎవరో ఒకరు మొదలుపెడితే అందరూ కొట్టారు. ఫిన్‌బోగి సంతకాలకు కాగితం తెచ్చాడు. ఇద్దరి పాయింట్లూ మళ్లీ సమానం. టైటిల్ కోసం మే నెలలో ఆకురేరిలో రెండాటలు ఆడాలి.

జనం కాఫీ కిటికీ వైపు కదిలాక ఆస్ముందర్ గొంతు తగ్గించాడు.

"నీకు తెలుసా?"

"సోమవారం మధ్యాహ్నం నుంచి."

"నిన్న నేను ఓడిపోయానని చెప్పినప్పుడూ తెలుసు."

"తెలుసు."

"మరి నోరు మూసుకుని ఊఁ అనొచ్చుగా పిచ్చిదానా! టైటిల్ నీ చేతిలో పెట్టాను. నేను బతికున్నన్నాళ్లూ నువ్వు రాజును పక్కకి జరిపావనే అనుకునేవాణ్ణి."

"అందుకే" అంది హల్బేరా. "మీరు పదిమందికీ చెప్పుకుంటూ తిరిగేవాళ్లు, పంటినొప్పి ఎంత గొప్ప ఎత్తు వేసిందో అని. నేను పక్కన నిలబడి వినాల్సొచ్చేది. ఎన్నేళ్లు వినను?"

ఆయన, ఎవరో తెచ్చిచ్చిన అట్టుమీది చక్కెరను వేలితో తుడిచాడు. "చెక్ ఇచ్చావంటే నమ్మలేకపోయా. కోల్బేన్ ఇస్తాడు చెక్" అన్నాడు.

"మూడే నిమిషాలు చూశా."

"మూడే నిమిషాలా!" అన్నాడు. ఆ మాటను సాయంత్రందాకా అప్పుడప్పుడూ అనుకుంటూనే ఉన్నాడు. దారి తెరిచారని తెలిసి కారు ఎక్కబోతూ కూడా కిటికీ దించి, "మూడు నిమిషాలు!" అని తల కొట్టుకుని వెళ్లాడు.

మేలో ఆకురేరిలో రెండాటలు ఆడారు. మొదటిది ఆస్ముందర్ గెలిచాడు, గట్టిగానే గెలిచాడు. రెండోది డ్రా అయింది. ఆ ఏడాది ఛాంపియన్ ఆయనే. హల్బేరా బస్సులో ఇంటికి వచ్చి, ఓడిపోయానని తండ్రికి చెప్పింది. ఆ మంగళవారం వంటింట్లో ఏం జరిగిందో కూడా అప్పుడే మొదటిసారి చెప్పింది. ముసలాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నీకు పిచ్చేనే" అన్నాడు. జోడు మళ్లీ పెట్టుకుని, "మీ అమ్మకీ ఇలాంటి పిచ్చే ఉండేది" అన్నాడు. అంతకుమించి ఆ విషయం ఇంట్లో మళ్లీ రాలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి ఆమె డ్యూటీకి వెళ్లింది. థోర్లాకర్ ఆ తర్వాతి శీతాకాలంలో, నిద్రలోనే పోయాడు. ఆస్ముందర్ కనుమ దాటి వచ్చి శవపేటిక ఒక కొస పట్టాడు.

హల్బేరా ఆ పోటీల్లో ఏటా ఆడింది. ఒక ఏడు రెండో స్థానం, ఒక ఏడు అయిదోది. 1988లో గెలిచింది. ఏడు రౌండ్లలో ఒక్క ఆట కూడా ఓడలేదు. ఆస్ముందర్‌తో ఆట ఆరో రౌండులో వచ్చింది. అప్పటికి ఆయన సముద్రం మానేశాడు, కళ్లద్దాలు మందమయ్యాయి. ముప్పై రెండో ఎత్తుకు ఆయన తన రాజును పడుకోబెట్టి, చెయ్యి చాచాడు. వాయిదా లేదు, కవరు లేదు, బేరం లేదు.

"ఎక్కడ పోగొట్టుకున్నాను?" అన్నాడు.

"పంతొమ్మిదో ఎత్తు దగ్గరనుకుంటా."

"కాదు కాదు, అంతకుముందే. పేర్చు, చూద్దాం."

పావులను వెనక్కి పేర్చారు. పంతొమ్మిదో ఎత్తులో తప్పేం లేదని ఆయన, ఉందని ఆమె. పదహారుకు వెళ్లారు, పద్నాలుగుకు వెళ్లారు. మందిరంలోంచి ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వంటింటి మనిషి మిగిలిన కాఫీ తెచ్చి ఇద్దరికీ పోసి, చుట్టూ ఉన్న కుర్చీలను ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టింది. వీళ్లిద్దరి కుర్చీల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఒక్క నిమిషం" అన్నాడు ఆస్ముందర్ తలెత్తకుండా. "ఇక్కడ శకటు ఇలా వచ్చి ఉంటే?"

హల్బేరా బల్ల మీదికి వంగి చూసింది.